చిన్న జలాంతర్గామికి యాంటీఫౌలింగ్ పెయింట్: ఎంపిక నుంచి నీళ్ళలోకి దించేదాకా

ఒకరిద్దరు కూర్చుని దిగే సొంత జలాంతర్గాములు అమెరికాలో, యూరప్‌లో చాలా ఏళ్ళుగా ఉన్నాయి. అమెరికా నేవీలో కెప్టెన్‌గా చేసి రిటైరైన జార్జ్ కిట్రెడ్జ్ డిజైన్ చేసిన కె-250, కె-350 ఆ కోవలో బాగా పేరున్నవి. పేరులోని అంకె అవి దిగగల లోతు, అడుగుల్లో. నీళ్ళలో ఉండే హల్‌కి (సబ్ బయటి ఒంటికి) నాచు, గుల్లజీవులు పట్టకుండా వేసేదే యాంటీఫౌలింగ్ పెయింట్. ఇక్కడ లెక్కలన్నీ ఆ తరహా స్టీలు సబ్‌కే (జలాంతర్గామికే) చూపిస్తున్నాం: 1.2 మీటర్ల వ్యాసం, 4 మీటర్ల పొడవు సిలిండర్, రెండు చివర్లా అర్ధగోళాలు, బయట బ్యాలస్ట్ ట్యాంకులు (నీళ్ళు నింపితే సబ్ మునుగుతుంది, గాలి నింపితే తేలుతుంది). ట్యాంకులు, కీలు (సబ్ అడుగున పొడవునా ఉండే దూలం, keel) కూడా కలుపుకుంటే పెయింట్ పడాల్సిన విస్తీర్ణం 25 చదరపు మీటర్లు అనుకుందాం. మీ సబ్ కొలతలు వేరైతే ఆ అంకె ఒక్కటి మార్చుకుంటే చాలు.

పడవకి నాచు పట్టి, బార్నకిల్స్ (రాయిలా గట్టిగా అతుక్కునే చిన్న గుల్లజీవులు) అతుక్కుంటే వేగం తగ్గుతుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది. సబ్ వేగం ఎటూ రెండు మూడు నాట్లే (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) కాబట్టి ఆ నష్టం లెక్కలోకి రాదు. దీని బాధ వేరు. బ్యాలస్ట్ ట్యాంకులోంచి గాలి వదిలే వెంట్ వాల్వు సీటు మీద ఒక్క బార్నకిల్ కూర్చున్నా వాల్వు పూర్తిగా మూసుకోదు, ట్యాంకులో గాలి నిలవదు. డెప్త్ గేజ్‌కి నీళ్ళు వెళ్ళే రంధ్రం పూడిపోతే గేజ్ తప్పు లోతు చూపిస్తుంది. ఆపదలో వదిలేయాల్సిన డ్రాప్ వెయిట్ హల్‌కి అతుక్కుపోతే ఊడి పడదు. అజాగ్రత్తగా వేసిన పెయింట్ కూడా సరిగ్గా ఇవే పనులు చేస్తుంది. అందుకే ఎక్కడ వేయాలో కన్నా ఎక్కడ వేయకూడదో ముందు తేల్చుకోవాలి.

అసలు అవసరమా?

సొంత సబ్‌లలో చాలావాటికి అవసరం లేదు. ట్రైలర్ మీద తీసుకెళ్ళి, పొద్దున దించి సాయంత్రం పైకి తీసేసే సబ్‌కి యాంటీఫౌలింగ్ దండగ. ఒకటి రెండు రోజుల్లో పట్టేది పల్చటి పాచి పొర మాత్రమే, మంచినీళ్ళ గొట్టం పెట్టి కడిగితే పోతుంది. అలాంటి సబ్‌కి దళసరి ఎపాక్సీ, దాని మీద పసుపో తెలుపో గట్టి పాలీయురిథేన్ కోటు వేయండి. నీళ్ళ మీద తేలినప్పుడు దూరం నుంచి కనబడటం కూడా ఒక రక్షణే. పెద్ద యాట్‌ల డెక్కుల మీద ఉండి, దిగేటప్పుడు మాత్రం క్రేన్‌తో నీళ్ళలోకి దించే సబ్‌లదీ ఇదే దారి.

వరసగా రెండు వారాలు దాటి ఉప్పునీళ్ళలో కట్టి ఉంచితేనే ఈ పెయింట్ గురించి ఆలోచించాలి. ఫ్లోరిడా తీరంలోనైనా, మన విశాఖ, కాకినాడ వైపైనా సముద్రం దాదాపు ఏడాది పొడవునా వెచ్చగానే ఉంటుంది. అలాంటి నీళ్ళలో బార్నకిల్ పిల్లలు రెండు వారాల్లోపే అతుక్కోవడం మొదలుపెడతాయి. చల్లటి నీళ్ళలో ఇంకొంత వ్యవధి దొరుకుతుంది. మంచినీటి సరస్సుల్లో బార్నకిల్స్ ఉండవు, నాచే సమస్య. ఉత్తర అమెరికా గ్రేట్ లేక్స్‌లో మాత్రం జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆలిచిప్పలు గొట్టాల్లో దూరి పూడ్చేస్తాయి.

ఏ పెయింట్?

యాంటీఫౌలింగ్ పెయింట్లలో ఎక్కువ వాటికి ప్రాణం క్యూప్రస్ ఆక్సైడ్. నీళ్ళు తగిలిన కొద్దీ రాగి అయాన్లు నెమ్మదిగా బయటికి వస్తాయి, అతుక్కోబోయే పిల్లజీవులు అక్కడ నిలవలేవు. నాచు, పాచి రాగికి అంతగా లొంగవు కాబట్టి జింక్ పైరిథియోన్ లాంటి రెండో మందు కలుపుతారు. ఒకప్పటి టిన్ మందు టీబీటీని అంతర్జాతీయ ఒప్పందం 2008 సెప్టెంబర్ నుంచి నిషేధించింది. నాచును ఆపడానికి కలిపే సైబ్యూట్రిన్‌ను 2023 జనవరి నుంచి అదే జాబితాలో చేర్చారు. ఏ పాత డబ్బా మీదైనా ఈ రెండు పేర్లలో ఏది కనబడినా అది వాడకండి.

తరగే రకం, గట్టి రకం, సిలికాన్ రకం అని మూడు దారులున్నాయి. తరగే రకం సబ్బులా కొద్దికొద్దిగా అరుగుతూ కొత్త పొరను బయటపెడుతుంది. పైకి తీసి ఆరబెట్టి మళ్ళీ దించినా బాగానే పనిచేస్తుంది. గట్టి రకంలో పొర అలాగే ఉంటుంది, మందు మాత్రం ఊరి బయటికి వస్తుంది. గీతలు పడవు, రుద్ది కడగవచ్చు. కానీ ఎక్కువ రోజులు ఒడ్డున ఆరితే దాని బలం చాలావరకు పోతుంది. ఏటేటా పొర మీద పొర పేరుకుని చివరికి పెచ్చులుగా ఊడుతుంది. సిలికాన్ రకంలో సాధారణంగా మందు ఉండదు, జారుడుతనమే దాని ఆయుధం. పడవ వేగంగా పోతే పట్టినది రాలిపోతుంది. సబ్ పోయే రెండు మూడు నాట్లకు అది రాలదు, చేత్తో తుడవాల్సిందే. పైగా సిలికాన్ తుంపర పడ్డ చోట మరే పెయింటూ పట్టదు. ఇంటి షెడ్డులో దాన్ని దూరంగా ఉంచడమే మంచిది.

కట్టి ఉంచే స్టీలు సబ్‌కి మా సలహా తరగే రకమే. అందులోనూ డేటా షీటులో నెమ్మదిగా పోయే, ఎక్కువసేపు నిలిచి ఉండే పడవలకని రాసిన గ్రేడు చూసి కొనండి. వేగంగా పోయే ఓడలకు చేసిన గ్రేడు తరగడానికి నీళ్ళ ఒరిపిడి కావాలి. కట్టేసిన సబ్ మీద అది తరగదు, పాచి కింద మూసుకుపోతుంది.

అల్యూమినియం హల్ లేదా అల్యూమినియం థ్రస్టర్ (సబ్‌ను నడిపే మోటారు) బాడీ ఉన్నచోట క్యూప్రస్ ఆక్సైడ్ పనికిరాదు. రాగి అయాన్లు పెయింట్ లేచిన చిన్న చోట అల్యూమినియం మీద లోహపు రాగిగా పేరుకుంటాయి. అక్కడ చిన్న బ్యాటరీ తయారై అల్యూమినియం గుంటలు పడి తినుకుపోతుంది. అలాంటి చోట్ల కాపర్ థయోసయనేట్ వాడే ట్రైలక్స్ 33 లాంటివో, రాగి లేని ఎకోనియా మందున్నవో తీసుకోండి. ఎకోనియా బార్నకిల్స్‌ను బాగా ఆపుతుంది, పాచిని ఆపదు. జింక్ పైరిథియోన్ కూడా ఉన్నదే ఎంచుకోవాలి. తెలుపు, లేత రంగులు కావాలన్నా ఈ రకాల్లోనే చూడాలి, క్యూప్రస్ ఆక్సైడ్ సహజంగా ఎర్రది.

ఎక్కడ కట్టి ఉంచుతారో అక్కడి నియమం కూడా చూడాలి. అమెరికాలో అమ్మే, మందున్న ప్రతి యాంటీఫౌలింగ్ పెయింట్‌కీ పురుగుమందుగా ఈపీఏ (అక్కడి పర్యావరణ రక్షణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. కాలిఫోర్నియాలో 2018 జూలై నుంచి సరదా పడవల పెయింట్ రోజుకు చదరపు సెంటీమీటరుకు 9.5 మైక్రోగ్రాముల రాగికి మించి వదలకూడదు.

బరువు లెక్క ముందే వేసుకోండి

పడవ మీద పది కిలోలు ఎవరికీ తెలియవు. నీళ్ళ లోపల మునగకుండా తేలకుండా నిలవాల్సిన సబ్‌కి పది కిలోలంటే డైవ్ పాడవడానికి చాలు.

ఎపాక్సీ ఎండాక 300 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండాలి. 25 చదరపు మీటర్ల మీద అది 7.5 లీటర్ల ఘనపరిమాణం. లీటరుకు సుమారు 1.5 కిలోల చొప్పున 11.3 కిలోలు. అది తోసే సముద్రపు నీరు 7.7 కిలోలు. నీళ్ళలో నికరంగా పెరిగేది 3.6 కిలోలు. యాంటీఫౌలింగ్ 150 మైక్రాన్లు అంటే 3.75 లీటర్లు. రాగి వల్ల ఎండిన పొర బరువెక్కువ, లీటరుకు 2.5 కిలోలు అనుకుంటే 9.4 కిలోలు. తోసే నీరు 3.8 పోగా నికరం 5.5 కిలోలు. రెండూ కలిపి దగ్గర దగ్గర 9 కిలోలు. సబ్‌లో బరువు కోసం పెట్టిన సీసాన్ని అంతమేర తగ్గించుకోవాలి. ఎక్కడి నుంచి తీస్తారన్నది కూడా ముఖ్యం. పెయింట్ హల్ చుట్టూ పరుచుకుని ఉంటుంది, సీసం కీలులో అడుగున ఉంటుంది. అడుగున తీసి చుట్టూ చేర్చినట్టవుతుంది కాబట్టి నిలకడ కొంచెం తగ్గుతుంది. తరగే రకమైతే ఏడాదిలో కొన్ని కిలోలు నీళ్ళలో కలిసి సబ్ తేలికవుతుంది. కొత్త సీజన్ మొదట్లో ట్రిమ్ (నీళ్ళలో సబ్ బరువు, వాలు సమతూకం) మళ్ళీ చూసుకోవడానికి ఇదీ ఒక కారణం.

డబ్బాలు ఎన్ని కొనాలో లెక్క తేలికే. ఎండిన ఘనపరిమాణాన్ని డబ్బా మీద రాసిన వాల్యూమ్ సాలిడ్స్ (ఎండాక మిగిలే భాగం) శాతంతో భాగించి, రోలర్‌కీ ట్రేకీ పోయేదానికి పాతిక శాతం కలపండి. 75 శాతం సాలిడ్స్ ఎపాక్సీ అయితే 10 లీటర్లు, నష్టంతో 12.5. 50 శాతం సాలిడ్స్ యాంటీఫౌలింగ్ అయితే 7.5, నష్టంతో 9.4. అంచులకు వేసే అదనపు కోటు కలిపి యాంటీఫౌలింగ్ 12 లీటర్లు తెచ్చుకోండి. మధ్యలో చాలకపోతే వేరే బ్యాచ్ కోసం పరుగెత్తేలోపు కోటుకీ కోటుకీ మధ్య ఉండాల్సిన గడువు దాటిపోతుంది.

పెయింట్ పడకూడని చోట్లు

పని మొదలుపెట్టే ముందు సబ్ చుట్టూ తిరుగుతూ ఒక కాగితం మీద వీటిని రాసుకోండి. పని అయ్యాక అదే కాగితంతో ఒక్కొక్కటీ తనిఖీ చేయాలి.

అన్నిటికన్నా ముందు అక్రిలిక్ కిటికీలు. అక్రిలిక్‌కి అసిటోన్, జైలీన్, టొల్యూన్, చాలా రకాల థిన్నర్లు విషంతో సమానం. ఒత్తిడిలో ఉన్న అక్రిలిక్‌కి థిన్నర్ తగిలితే లోపల వెంట్రుకల్లాంటి సన్న గీతలు లేస్తాయి. పక్క నుంచి టార్చి వేసి చూస్తే వెండి దారాల్లా మెరుస్తాయి. ఆ కిటికీ ఇక నమ్మదగినది కాదు, పాలిష్ చేసి వాడదామన్న ఆలోచనే వద్దు. ఆవిరి తగిలినా ఈ ప్రమాదం ఉంది. అందుకే బ్లాస్టింగ్‌కి (గరుకు పొడిని గాలి ఒత్తిడితో కొట్టి లోహాన్ని శుభ్రం చేయడానికి), పెయింటింగ్‌కి ముందు కిటికీలు విప్పి వేరే గదిలో పెట్టడమే సరైన పద్ధతి. విప్పడం కుదరకపోతే ముందు పాలిథీన్ షీటు, దాని మీద అల్యూమినియం ఫాయిల్, దాని మీద ప్లైవుడ్ కప్పండి. టేపు అంచు లోహం మీదే పడాలి, అక్రిలిక్ మీద కాదు. పెయింట్ చుక్క పడితే థిన్నర్ గుడ్డ అందుకోకండి, సబ్బునీళ్ళతో తుడవండి.

కిటికీ కూర్చునే సీటు మీద ఏ దళసరి పెయింటూ ఉండకూడదు. శంకువు ఆకారపు కిటికీ లోతుకు వెళ్ళే కొద్దీ నీటి ఒత్తిడితో సీటు మీదికి నొక్కుకుంటుంది. అక్కడ ఒక పెయింట్ పెచ్చు ఉన్నా భారమంతా ఆ చుక్క మీదే పడుతుంది.

హ్యాచ్ (లోపలికి దిగే మూత) సీలు కూర్చునే ముఖం, ఓ-రింగ్ గాడులు, షాఫ్ట్ సీళ్ళు, కేబుల్ పెనిట్రేటర్ల (హల్ గుండా కేబుళ్ళు లోపలికి వెళ్ళే బిగింపుల) నట్లు, వెంట్ వాల్వుల సీట్లు, డెప్త్ గేజ్ రంధ్రం, ట్యాంకుల్లోకి గాలి ఊదే గొట్టాల చివరలు, జింక్ ఆనోడ్లు (హల్‌కి బదులు తామే తినుకుపోయే జింక్ దిమ్మలు). ఇవన్నీ మాస్క్ చేయాలి. జింక్ మీద పెయింట్ వేస్తే అది చచ్చిన జింక్ కిందే లెక్క, తుప్పు హల్‌ని తింటుంది. రంధ్రాల్లో చెక్క బిరడాలు పెట్టి, ఒక్కొక్కదానికి ఎర్ర రిబ్బన్ కట్టండి. రిబ్బన్లు ఎన్ని కట్టారో కాగితం మీద రాసి ఉంచండి. తీసేటప్పుడు లెక్క సరిపోవాలి.

డ్రాప్ వెయిట్‌ను తీసేసి విడిగా పెయింట్ చేయాలి, అది హల్‌ని తాకే ముఖాలకు పల్చటి ఎపాక్సీ మాత్రమే వేయాలి. పూర్తిగా గట్టిపడకముందే బిగిస్తే రెండు పొరలూ ఒకదానికొకటి జిగురులా అతుక్కుంటాయి. కనీసం వారం ఆరనిచ్చి, మధ్యలో గ్రీజు రాసి బిగించండి. నీళ్ళలోకి దించేముందు ఒడ్డున కింద మెత్తటి దిండ్లు పేర్చి ఒకసారి వదిలి చూడండి. లోపలి లీవర్ తిప్పగానే పడాలి. సుత్తి దెబ్బ అవసరమైందంటే విప్పి మళ్ళీ చేయాల్సిందే.

సోనార్ ట్రాన్స్‌డ్యూసర్ (నీళ్ళలోకి శబ్దం పంపి, తిరిగి అందుకునే భాగం) ముఖానికి దాని కోసమే చేసిన నీటి ఆధారిత పెయింట్ ఒక పల్చటి కోటు చాలు. దళసరి పొరలో చిక్కిన గాలి బుడగలు శబ్దాన్ని ఆపేస్తాయి.

బ్యాలస్ట్ ట్యాంకు లోపల ఎపాక్సీ చాలు. తేలుతున్నప్పుడు ట్యాంకులో ఉండేది గాలే. అడుగున నీళ్ళు వచ్చే రంధ్రాల చుట్టూ, లోపలికి 15 నుంచి 20 సెంటీమీటర్ల దాకా మాత్రం యాంటీఫౌలింగ్ వేయండి.

మొదటి మెట్టు: లోహాన్ని సిద్ధం చేయడం

ఈ మొత్తం పనిలో ఎక్కువ చెమట పట్టేది ఇక్కడే, పెయింట్ ఎన్నాళ్ళు నిలుస్తుందో తేలేదీ ఇక్కడే.

బ్యాటరీలు విడదీసి, వీలైతే బయటికి తీసేయండి. ఆక్సిజన్ సిలిండర్లు దించేయండి. హ్యాచ్‌ని ప్లాస్టిక్‌తో మూసి టేపు వేయండి. థిన్నర్ ఆవిరి గాలికన్నా బరువు, తెరిచిన హ్యాచ్‌లోంచి దిగి హల్ అడుగున కూర్చుంటుంది. రెండు రోజుల తర్వాత లోపలికి దిగినవాళ్ళు దాన్ని పీలుస్తారు. ఒక్క నిప్పురవ్వ పడినా అంటుకుంటుంది.

హల్‌ని ముందు మంచినీళ్ళతో, సబ్బుతో కడగండి. ఉప్పు, గ్రీజు ఉండగా బ్లాస్ట్ చేస్తే అవి స్టీలులోకి ఇంకా దిగిపోతాయి. తర్వాత గార్నెట్ అనే గట్టి రాతి పొడితో బ్లాస్టింగ్, ఐఎస్‌ఓ 8501-1 ప్రకారం ఎస్‌ఏ 2½ దాకా. స్టీలు బూడిద రంగులో ఒకే తీరుగా కనబడాలి, గరుకుదనం 50 నుంచి 75 మైక్రాన్లు రావాలి. మామూలు ఇసుక వాడొద్దు, ఆ ధూళి ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. బ్లాస్టింగ్ అసలు కుదరకపోతే గ్రైండర్‌తో ఎస్‌టీ 3 స్థాయి (లోహపు మెరుపు కనబడేది) దాకా శుభ్రం చేసి, అలాంటి ఉపరితలానికి పనికొస్తుందని రాసిన ఎపాక్సీ వాడండి. అయితే అది అంతకాలం నిలవదు.

స్టీలు బట్టబయలుగా ఉన్న ఈ రోజునే అల్ట్రాసోనిక్ గేజ్‌తో హల్ మందం కొలిచి రాసుకోండి. ఫ్రేముల (హల్‌కి బలమిచ్చే వలయాల) పక్కన, వెల్డ్‌ల వెంబడి, నీళ్ళు నిలిచే అడుగు భాగంలో ఎక్కువ చోట్ల చూడండి. వెల్డ్‌లను భూతద్దం పట్టుకుని చూడండి. పెయింట్ పడ్డాక పగులు కనబడదు. మందం డిజైన్ అనుమతించిన దానికన్నా తగ్గి ఉంటే పెయింట్ పని ఆపేయండి. ఆ హల్‌కి పెయింట్ మందు కాదు.

గుంటలు నింపడానికి కారు పుట్టీ వాడొద్దు. అది నీళ్ళు పీలుస్తుంది, లోపల చిక్కిన గాలి 100 మీటర్ల లోతులో 10 బార్ ఒత్తిడికి నలిగి పొర చిట్లుతుంది. నీటి కింద వాడే ఎపాక్సీ పుట్టీని బుడగలు రాకుండా నెమ్మదిగా కలిపి, పల్చగా నొక్కి రాయండి.

పెయింట్ వేసే ముందు బ్రెస్లే టెస్టు చేయండి: చిన్న స్టిక్కరు సంచిలో శుద్ధనీరు ఎక్కించి, స్టీలు మీది ఉప్పు ఎంతో కొలిచే పరీక్ష ఇది. చదరపు మీటరుకు 50 మిల్లీగ్రాములు మించితే మళ్ళీ కడిగి, మళ్ళీ తేలిగ్గా బ్లాస్ట్ చేయాలి. పెయింట్ కింద మిగిలిన ఉప్పు పొర గుండా నీళ్ళను లాగుతుంది, కొన్ని నెలల్లో బొబ్బలు లేస్తాయి.

రెండో మెట్టు: ఎపాక్సీ

స్టీలుకీ రాగి పెయింట్‌కీ మధ్య గోడ ఇదే. సముద్రపు ఒడ్డున బ్లాస్ట్ చేసిన స్టీలు కొన్ని గంటల్లోనే ఎర్రబడుతుంది, కాబట్టి మొదటి కోటు అదే పూట పడాలి.

వాతావరణం చూడకుండా డబ్బా తెరవకండి. గాలిలో తేమ 85 శాతం లోపు ఉండాలి, స్టీలు వేడి మంచుబిందువు (గాలిలోని తేమ నీటి బిందువులుగా మారే వేడి) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. ఉదాహరణకు గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే మంచుబిందువు సుమారు 26 డిగ్రీలు. స్టీలు 29 దాటాలి. రాత్రంతా చల్లబడ్డ హల్ తెల్లవారుజామున 27 డిగ్రీలు ఉంటే కంటికి కనబడని తేమ దాని మీద ఉంటుంది. ఎండ కాస్త ఎక్కాక మొదలుపెట్టండి, నేరుగా ఎండ పడి కాలుతున్న వైపు మాత్రం వేయకండి.

ముందు వెల్డ్‌లు, అంచులు, రంధ్రాల చుట్టూ బ్రష్‌తో ఒక కోటు పూయండి. పదునైన అంచు మీద పెయింట్ ఎప్పుడూ పల్చబడుతుంది. తర్వాత పొట్టి నూలు రోలర్‌తో మూడు కోట్లు, ఒక్కొక్కటి ఎండాక 100 మైక్రాన్లు. ప్రతి కోటుకీ రంగు మార్చండి, వదిలేసిన చోటు వెంటనే కనబడుతుంది. ఎండాక గేజ్‌తో కొలిస్తే నూటికి తొంభై రీడింగులు 300 మైక్రాన్లకు తగ్గకూడదు, మిగిలిన పదీ 270 కన్నా తగ్గకూడదు. గట్టిపడ్డాక తడి స్పాంజి హాలిడే డిటెక్టర్ (పొరలో పడ్డ రంధ్రాలు పట్టే పరికరం), 67.5 వోల్టులది, హల్ అంతా తిప్పండి. అది కూత పెట్టిన ప్రతి చోటా సూదిమొన రంధ్రం ఉన్నట్టే. చుట్టూ రుద్ది మళ్ళీ పూయండి.

తేమ ఎక్కువున్న రోజుల్లో ఎండిన ఎపాక్సీ మీద జిడ్డులాంటి మైనపు పొర వస్తుంది. ముందు నీళ్ళతో, స్కాచ్‌బ్రైట్‌తో కడిగి, ఆ తర్వాతే ఎమరీ కాగితం పట్టండి. కడగకుండా రుద్దితే ఆ జిడ్డును లోపలికి రుద్దినట్టే, పై కోటు షీటులా లేచిపోతుంది.

మూడో మెట్టు: యాంటీఫౌలింగ్

మొదటి యాంటీఫౌలింగ్ కోటు పడాల్సిన క్షణం ఒకటుంది. చివరి ఎపాక్సీ కోటు మీద బొటనవేలు నొక్కండి. వేలిముద్ర పడాలి, వేలికి పెయింట్ అంటకూడదు. ఆ అదను దొరికినప్పుడు వేస్తే రెండు పొరలూ ఒకటైపోతాయి. 30 డిగ్రీల వేడిలో ఈ అదను త్వరగా దాటిపోతుంది, యాంటీఫౌలింగ్ డబ్బా ముందే కలిపి పక్కన ఉంచుకోండి. దాటిపోయిందా, ఎపాక్సీని పూర్తిగా గట్టిపడనిచ్చి 80 నంబరు కాగితంతో తడి రుద్దుడు రుద్ది, కడిగి, ఆరాక వేయండి.

డబ్బా తెరవగానే పైన పల్చటి ద్రవం, అడుగున ఎర్రమట్టి ముద్దలా క్యూప్రస్ ఆక్సైడ్ కనబడుతుంది. కర్రతో రెండు తిప్పులు తిప్పితే సరిపోదు. డ్రిల్‌కి కలిపే కడ్డీ బిగించి నెమ్మదిగా కనీసం అయిదు నిమిషాలు కలపండి. అడుగు గీకి చూడండి, కర్రకు ముద్ద అంటకూడదు. పని జరుగుతుండగా ప్రతి పావుగంటకూ మళ్ళీ కలపండి. సరిగా కలపకపోతే మొదట వేసిన వైపు మందే ఉండదు, చివర వేసిన వైపు మట్టిలా పొడిపొడిగా రాలుతుంది. బార్నకిల్స్ ఒకే వైపు గుంపుగా పట్టాయంటే చాలాసార్లు కారణం ఇదే.

థిన్నర్ కలపొద్దు. స్పాంజి రోలర్ వద్దు, కరిగిపోతుంది. నూలు రోలర్‌తో అడ్డంగా వేసి నిలువుగా సర్దండి. ఎండాక 75 మైక్రాన్లు రావాలంటే 50 శాతం సాలిడ్స్ పెయింట్ తడిగా ఉన్నప్పుడు 150 మైక్రాన్లు ఉండాలి. తడి పొర దువ్వెనతో అక్కడక్కడా కొలవండి, రోలర్ పనిలో చేతికి తెలియకుండానే సగం మందమే పడుతుంది. మొదటి కోటు ఎరుపు, రెండో కోటు నలుపు వేస్తే, నలుపు అరిగి ఎరుపు కనబడిన రోజున మళ్ళీ పెయింట్ వేసే వేళ వచ్చినట్టు తెలుస్తుంది.

ఎంత ఎత్తు దాకా? తేలుతున్నప్పుడు నీటి గీత ఎక్కడుంటుందో దానికి పైన 10 సెంటీమీటర్ల దాకా. ఆ పైభాగం ఎండకు ఆరుతూ ఉంటుంది, అక్కడ పసుపు పాలీయురిథేన్ ఉండనివ్వండి. నీటి గీత దగ్గర వెడల్పు పట్టీ, సబ్ ముందు కొస, నీళ్ళు వచ్చే రంధ్రాల చుట్టూ, కీలు అంచు: వీటికి మూడో కోటు వేయాలి. అరుగుదల అక్కడే ఎక్కువ.

స్టాండ్‌ల మీద ఆనిన చోట్లు బట్టతలలా వదిలేయకండి. సబ్‌ను ఫ్రేముల కిందే ఆనించి, ఒక్కో స్టాండును జరిపి అక్కడ కూడా ఎపాక్సీ నుంచి మొదలుపెట్టి అన్ని కోట్లూ వేయండి. తర్వాత సీజన్‌లో గుండ్రటి బార్నకిల్ మచ్చలు సరిగ్గా స్టాండ్ అడుగు ఆకారంలో కనబడితే ఈ పని వదిలేశారని అర్థం.

పాత యాంటీఫౌలింగ్ మీదే వేస్తున్నట్టయితే పొడిగా రుద్దకండి. ఆ ఎర్ర ధూళి విషం. తడిగా రుద్దండి, ధూళికి పీ3 మాస్కు, థిన్నర్ వాసనకు ఏ2 కార్ట్రిడ్జ్ పెట్టుకోండి, నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. రుద్దిన నీళ్ళు కాలవలోకి పోకుండా కింద టార్పాలిన్ పరిచి పట్టండి. పాత పెయింట్ ఏ రకమో తెలియకపోతే దాని మీద సీలర్ కోటు వేసి, ఆపైనే కొత్తది.

దించడానికి ముందు, దించాక

చివరి కోటు తర్వాత ఎన్ని గంటలకు దించవచ్చో, ఎన్నాళ్ళలోపు దించాలో డేటా షీటులో ఉంటుంది. రెండూ పాటించండి. మాస్కింగ్ అంతా తీసి, రిబ్బన్లు లెక్కపెట్టి, మొదటి కాగితంతో ఒక్కో చోటూ చూడండి. డెప్త్ గేజ్ రంధ్రంలో సన్న తీగ దూర్చి చూడాలి. వెంట్ వాల్వులు అన్నీ తెరిచి మూసి చూడాలి. హ్యాచ్ తెరిచి, బ్లోయర్‌తో రెండు రోజులు గాలి ఆడించి, గ్యాస్ మీటరులో ఆక్సిజన్ 20.9 శాతం, మండే ఆవిరి సున్నా చూపించాకే లోపలికి దిగండి. వాసన రావడం లేదన్నది పరీక్ష కాదు, ముక్కు త్వరగా అలవాటు పడిపోతుంది.

మొదటి రోజు డైవ్ వద్దు, ట్రిమ్ చూడటమే పని. లోతు తక్కువ చోట, తాడు కట్టి, ట్యాంకులు నింపి, సబ్ ఎటు వాలుతోందో చూసి సీసం సర్దండి. లెక్కలో తీసేయాలనుకున్న 9 కిలోలూ ఒకేసారి తీయకుండా రెండేసి కిలోలుగా తీస్తూ చూడండి.

మల్టీమీటరుకి సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ తగిలించి హల్ పొటెన్షియల్ (నీళ్ళతో పోలిస్తే హల్ వోల్టేజి, తుప్పు నుంచి రక్షణ అందుతోందో చెప్పేది) చూడండి. స్టీలుకు మైనస్ 0.80 నుంచి మైనస్ 1.05 వోల్టుల మధ్య ఉండాలి. మైనస్ 0.80 చేరకపోతే జింక్ చాలలేదు లేదా వైరు కలవలేదు. మైనస్ 1.10 దాటితే రక్షణ మితిమీరింది, పెయింట్ స్టీలు నుంచి విడిపోతుంది. మంచినీళ్ళలో ఉంచే సబ్‌కి జింక్ పనిచేయదు, మెగ్నీషియం ఆనోడ్లు కావాలి.

మూడు వారాలకొకసారి మెత్తటి గుడ్డతో పాచి తుడిస్తే చాలు. గరుకు ప్యాడ్‌తో తోమితే తరగే రకం పెయింట్ సగం ఆ రోజే పోతుంది, చుట్టూ నీళ్ళు ఎర్రగా మారడమే దానికి గుర్తు. బార్నకిల్ అతుక్కుని ఉంటే ప్లాస్టిక్ గీకుడు పలకతో పక్క నుంచి తోయండి. కింద మిగిలిపోయే తెల్లటి సున్నపు వలయాన్ని లాగి పీకకండి, ఎపాక్సీ కూడా లేచి వస్తుంది. ఒడ్డుకు తీసినప్పుడు తడి కాగితంతో రుద్ది తీసేయవచ్చు. స్టెయిన్‌లెస్ బోల్టుల మీద, థ్రస్టర్ కవచాల మీద పట్టిన బార్నకిల్‌ను మాత్రం కనబడిన రోజే తీసేయండి. దాని కింద ఆక్సిజన్ అందక స్టెయిన్‌లెస్‌కి లోతైన గుంటలు పడతాయి, పైకి చూస్తే ఏమీ కనబడదు.

ప్రతి నెలా ఒకసారి డ్రాప్ వెయిట్‌ను, వెంట్ వాల్వులను కదిలించి చూడండి. పెయింట్ ఎంత బాగున్నా సరే.